మా బర్రె కార్జంలో కాపురం

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి, "బాపమ్మా, ఈసారి నెయ్యి ఎన్నడూ లేనంత కమ్మగుంది" అన్నారు. డబ్బా సగానికి వచ్చిందని, మిగిలింది మీ అమ్మ దాచిపెట్టిందని కూడా చెప్పారు. నేను "తినుండ్రి బిడ్డా" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి చాలాసేపు గడప మీదే కూర్చున్నాను. ఆ నెయ్యి నా బర్రెది కాదు. గోడ అవతల ఉన్న మీ చిన్న బాపమ్మ బర్రెది. డబ్బా నాది. మూత బిగించిన చేతులు నావి. నాగపూర్ బస్సులో పెట్టి పంపింది నేను. కమ్మదనం మాత్రం ఆమెది.

చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ "ఎన్నడూ లేనంత" అన్నారు చూడండి, ఆ మాట పంటి కింద రాయిలాగా ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నేను పంపింది మరి ఏమిటి? అందుకే చెబుతున్నాను. ఈ ఏడు నా బర్రెకు ఏమైందో, నెయ్యి గోడ దాటి ఎందుకు రావలసి వచ్చిందో వినండి. మీలో పెద్దది బడిలో పరాన్నజీవుల పాఠం నడుస్తోందని అన్నది కదా, దానికీ పనికొస్తుంది. ఆ పాఠం నేను కొట్టంలో పెండ ఎత్తుతూ నేర్చుకున్నాను.

మీ చిన్న బాపమ్మ నాకు యారాలు, అంటే మీ తాత తమ్ముడి భార్య. నా తరువాత ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. వచ్చిన నాటి నుంచి ఆమె ఏది ముట్టుకుంటే అది చక్కగా వస్తుంది. ఆమె పెట్టిన తొక్కుకు బూజు పట్టదు. ఆమె నాటిన బీరతీగ గోడెక్కి నా వైపు దిగి కాస్తుంది. నేను కాయ వైపు చూస్తే చాలు, "కోసుకో అక్కా" అంటుంది. ఆ "కోసుకో" అనడమే నాకు గిట్టదు. తిట్టినా బాగుండేది.

మా అత్తగారి కాలంలో ఇంట్లో ఒక బర్రె ఉండేది. ఊళ్ళో దాని పాల గురించి చెప్పుకునేవారు. అన్నదమ్ములు వేరుపడ్డ ఏడు, దాని కడుపున పుట్టిన రెండు దుడ్డెలు, అంటే ఆడదూడలు, చెరొక ఇంటికి వచ్చాయి. ఒకే కొమ్ముల వంపు, ఒకే నడక, నొసట ఒకే చోట తెల్లమచ్చ. పొలం కూడా రెండు ముక్కలైంది. ఒక ముక్క చెరువు శిఖాన్ని, అంటే నీళ్ళు తగ్గితే తేలే నేలను, ఆనుకొని ఉంటుంది, ఇంకొకటి గుట్ట మొదట్లో. మా ఇంట్లో పెద్దవాళ్ళు ముందు కోరుకోవడం ఆనవాయితీ. మీ తాత నా వైపు చూశాడు. నేను చెరువు వైపు చూశాను. అంతే, అది మాదైంది.

మీకు తెలియదు, నేను పుట్టింది కాగజ్‌నగర్‌కు అవతల, అడవి పక్క ఊళ్ళో. మా బాపు మిల్లుకు పోయే వెదురు కొట్టేవాడు. ఎండలు ముదిరితే మా పశువులు ఎండుటాకులు నమిలేవి. నడివేసవిలో పచ్చగడ్డి మోపు దిగిన ఇల్లంటే మాకు షావుకారి ఇల్లు కింద లెక్క. పెళ్ళయి మంథని దిక్కు ఈ ఊరికి వచ్చి, చెరువులో నీళ్ళు వెనక్కి తగ్గినకొద్దీ అంచున మొలిచే గడ్డిని మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని చేత్తో నిమిరాను. ఆ గడ్డి ఎవరి పొలానికి ఆనుకొని మొలిస్తే వాళ్ళది. రాతకోతలేమీ లేవు, ఊరి మాట అది.

అప్పట్లో చెరువు వైశాఖానికి పూర్తిగా ఎండి నెర్రెలు పట్టేది. ఇప్పుడు కాలువల నీళ్ళు వచ్చి పడుతున్నాయి. ఎండాకాలంలో కూడా కొంగలు దిగే నీళ్ళు ఉంటున్నాయి, అంచున మోకాలెత్తు గడ్డి ఉంటోంది. నేను కోసి మోపు కట్టి నెత్తిన పెట్టుకుని, దగ్గరి దారి వదిలేసి, మా యారాలి వాకిలి ముందు నుంచి వచ్చేదాన్ని. మోపు నుంచి నీళ్ళు కారుతూ నా భుజం తడిసేది. ఆమె గుట్ట మీద కోసిన పసుపుపచ్చ గడ్డిని, చీపురు పుల్లల్లాంటిదాన్ని, దులుపుకుంటూ ఉండేది. అప్పుడు నాకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ పోయేది.

ఒకరోజు ఆమే అడిగింది.

"అక్కా, జర ఒక్క మోపు ఇస్తవా? నీ గడ్డి వాసనకు నా బర్రె పలుపు తెంపుకుంటున్నది."

"నాది సూడి బర్రె చెల్లె. దానికే సాలుతలేదు" అన్నాను. నిజమే, నా బర్రె కడుపుతో ఉంది, పాలు ఇంకా ఆగలేదు. ఆమెది అప్పటికే ఈనింది.

"చెరువంత గడ్డి ఉన్నదాయె."

"చెరువంత ఉన్నా కోసే చేతులు రెండే గద."

ఆమె నవ్వింది. "సరే తియ్యి. గుట్ట మీద రాళ్ళున్నయి, గవ్వే నాకిపిస్త."

ఇక్కడి నుంచే నాకు కడుపుమంట మొదలైంది. పచ్చగడ్డి తినే నా బర్రె రోజురోజుకూ ఎండిపోతోంది. రాళ్ళ సందు గడ్డి తినే ఆమె బర్రె నిగనిగలాడుతోంది. ఈగ వాలితే జారేటట్టుంది దాని వీపు. నా బర్రె పక్కటెముకలు బయటికి వచ్చాయి, వెంట్రుకలు గరుకెక్కాయి, పెండ పల్చగా పడుతోంది. పొద్దున పాలు పితికే వేళ గోడ అవతల చెంబులో పడే పాల చప్పుడు వినిపిస్తుంది. మొదట గలగల, తరువాత నురగలో పడుతున్నట్టు బరువైన చప్పుడు. నా చెంబు ఆ రెండో చప్పుడు దాకా రావడమే మానేసింది. ఆమె చెంబు నిండేదాకా నేను పితకడం ఆపి వినేదాన్ని. వినకుండా ఉండడం నాకు చేతకాలేదు.

పాలకేంద్రంలో ఇంకా కష్టం. అక్కడ పాలు మిషన్‌లో పెట్టి వెన్న ఎంతుందో అందరి ముందు చదువుతారు. ఒక పొద్దున నా వంతు వచ్చినప్పుడు అక్కడి ఆయన మిషన్ వైపు చూసి, నా వైపు చూశాడు.

"పెద్దమ్మా, పాలు బాగ పల్సబడ్డయి. నీళ్ళు గిట్ట కలుస్తున్నయా?"

వెనక నిలబడ్డ మా యారాలు అందుకుంది.

"మా అక్క నీళ్ళు కలిపే మనిషి కాదన్నా. చెరువు గడ్డి తిన్న బర్రె గద, చెరువునే ఇస్తున్నది."

వరుసంతా నవ్వింది. నా తరఫున మాట్లాడిందో నన్ను ఎత్తిపొడిచిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. తరువాత ఆమె పాలు పెట్టారు. ఆయన చదివిన అంకె నేను వినకూడదని కేన్ మూత గట్టిగా చప్పుడు చేసి పెట్టాను. అయినా వినబడింది.

ఇది ఆమె దిష్టే అనుకున్నాను. మోపు ఇవ్వలేదని చూపు పెట్టిందని. సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలు బర్రె చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశాను. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే అంటారు. నా ముక్కుకు ఏ ఘాటూ తెలియలేదు. చూశావా అని మీ తాతతో అనబోతుండగా గోడ అవతల నుంచి దగ్గు వినబడింది.

"అక్కా, మిరపకాయలు మాడుతున్నయి. పొయ్యి మీద ఏమన్న మర్శినవా?"

మీ తాత నా ముఖం చూసి తల దించుకున్నాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది.

ఆమె ఇంకేదో పెడుతోందని నా అనుమానం. పట్నం నుంచి దాణా తెస్తోందా, ఏదైనా వేరు తినిపిస్తోందా? ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో లేదనుకుని కొట్టంలోకి పోయి తొట్టిలో చేయి పెట్టి చూశాను. ఎండు గడ్డి, కాస్త తవుడు, కుడితి. అంతకు మించి ఏమీ లేదు.

"ఏం పోగొట్టుకున్నవక్కా నా బర్రె తొట్ల?"

ఆమె వెనకే నిలబడి ఉంది.

"నా కోడి ఇటొచ్చింది."

"కుడితిల ఈదుతున్నదా?"

నేను చేయి కడుక్కోకుండానే వచ్చేశాను. వస్తూ వస్తూ దాని వీపు మీద చేయి వేసి చూశాను, నిజంగా అంత నున్నగా ఉందా అని. ఉంది.

తరువాత కొద్ది రోజులకు నా బర్రె దవడ కింద సంచిలాగా వాపు వచ్చింది. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండేది. మేత ముందు నిలబడి తినకుండా నన్నే చూసేది. మీ తాత భయపడ్డాడు.

"అమ్మేద్దమే. హుజూరాబాద్ అంగడికి తోలితే ఎంతకన్న పోతది. ఈడ పానం పోతే కడుపుల దూడ గూడ పోతది."

"అమ్మేది లేదు" అన్నాను.

"ఎందుకే గంత మొండితనం?"

ఎందుకో ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతాను. ఈ బర్రె పోతే మా అత్తగారి బర్రె సంతతి ఒక్క ఆమె కొట్టంలోనే మిగులుతుంది. ఊళ్ళో ఎవరైనా ఆ పాల గురించి మాట్లాడితే ఇక ఆమె వాకిలి వైపే చూస్తారు. అది నేను తట్టుకోలేను. నా బర్రె బతకాలి, ఈనాలి, ఈనితే దుడ్డెనే ఈనాలి. వేరే కోరిక ఏదీ లేకుండా పోయింది నాకు.

మండలంలోని పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చింది. కరీంనగర్ పిల్ల, మీ అమ్మ కన్నా చిన్నది. బర్రె కనురెప్ప విప్పి చూసింది. లోపల ఎర్రగా ఉండవలసింది తెల్లగా పాలిపోయి ఉంది. దవడ కింద నొక్కింది.

"ఏడ మేపుతున్నరవ్వా?"

"చెరువంచున కోసుకొచ్చి ఏస్తున్న బిడ్డా. నీళ్ళల్ల నుంచి కోసిన లేత గడ్డి" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆమె బర్రె పెండ వైపు చూసింది. "పొద్దున పెట్టిన పెండ కొంచెం కవర్ల ఏసుకొని రేపు దవాఖానకు రాండ్రి" అన్నది.

మరునాడు కవరు పట్టుకుని ఆటో ఎక్కాను. ఆటో కదలబోతుండగా మా యారాలు పరుగెత్తుకొచ్చి ఎక్కింది. ఆమె చేతిలో కూడా కవరు.

"నీదేందే?"

"గదే. నీ బర్రెది అంటురోగమైతే నా దాని గతేంది? నాకు గూడ ఫికర్ ఉంటది గద."

ఇద్దరం పెండ కవర్లు ఒళ్ళో పెట్టుకుని దవాఖాన బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. పెళ్ళిళ్ళలో కూడా అంత దగ్గరగా కూర్చుని ఎరగము. డాక్టరమ్మ నా పెండ నీళ్ళలో కలిపి, వడగట్టి, అడుగున మిగిలినదాంట్లో ఒక చుక్క గాజు ముక్క మీద వేసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. చూసి నన్ను పిలిచింది. "ఒక కన్ను మూసి చూడవ్వా."

నువ్వుగింజకు బంగారు పూత పూసినట్టు ఏదో కనబడింది. కోడిగుడ్డు ఆకారం, ఒక కొనన చిన్న మూత. అలాంటివి చాలా ఉన్నాయి. నిజం చెబితే అందంగా ఉన్నాయి.

"కార్జపు జలగ పెట్టిన గుడ్లు ఇవి. జలగ నీ బర్రె కార్జంల ఉన్నది. వేపాకంత ఉంటది, గట్లనే పల్సగ ఉంటది."

"లోపటికి ఎట్ల పోయింది బిడ్డా?"

"నువ్వే పెట్టినవవ్వా. గడ్డి మీద పెట్టి."

ఇక ఆమె చెప్పింది నా మాటల్లో చెబుతాను, వినండి. ఈ జలగకు రెండు ఇళ్ళు కావాలి. పుట్టిల్లు నత్త, అత్తిల్లు బర్రె. బర్రె కార్జంలో, అంటే మీ పుస్తకంలో కాలేయం, అక్కడ ఉండి గుడ్లు పెడుతుంది, అవి పెండతో బయటపడతాయి. ఎండలో పడితే చస్తాయి. నీళ్ళలో పడితే పగిలి, కంటికి కనబడని పిల్ల ఈదుకుంటూ పోయి నత్తను వెతుక్కుంటుంది. నత్త ఒంట్లో దూరి ఒకటి పదులై, వందలై, బయటికి వచ్చి నీటి అంచున ఉన్న గడ్డి పోచకు అతుక్కుని, చుట్టూ గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటుంది. నడిచి బర్రె దగ్గరికి పోలేదు కదా, బర్రే తన దగ్గరికి రావాలని కాచుకుంటుంది. మాలాంటి వాళ్ళుంటే అదీ అక్కర లేదు. మోపు కట్టి నెత్తిన పెట్టుకుని తొట్టి దాకా ఊరేగించి తెస్తాం. కడుపులో పడగానే పెంకు విప్పుకుని, పేగు గోడకు కన్నం పెట్టుకుని కార్జంలోకి పోతుంది. అక్కడే తిని, అక్కడే పెరిగి, అక్కడే మళ్ళీ గుడ్లు పెడుతుంది.

ఒకప్పుడు చెరువు ఎండిపోతే నత్తల్లో చాలా భాగం చచ్చేవి. ఇప్పుడు ఏడాది పొడుగునా నీళ్ళుంటే నత్తలకూ ఏడాది పొడుగునా పండగే. చెరువు ఎండకూడదని బోనాలెత్తిన వాళ్ళం మేమే.

మీ తలలో పేలున్నాయి చూశారా, బర్రె చెవి వెనక గోమార్లు అంటిపెట్టుకుని నెత్తురు తాగుతాయి చూశారా, అవి పైన ఉండే రకం. కంటికి కనబడతాయి, చేతికి చిక్కుతాయి. ఇవి లోపలుండే రకం. రెండూ పరాయి ఒంటిని తింటాయి, తిరిగి ఇచ్చేది ఏమీ ఉండదు. బర్రె వీపు మీద కొంగ కూర్చుంటుంది కానీ అది వేరు. అది గోమార్లను ఏరుకు తింటుంది, బర్రెకు దురద తగ్గుతుంది. ఇద్దరికీ లాభమే. వీటితో లాభం ఒకవైపే.

"మరి సంపేస్తదా బిడ్డా?" అని అడిగాను.

"తొందరపడి సంపదు. సంపితే దానికే నష్టం. ఇల్లు కూలితే అండ్ల ఉన్నోడు యాడికి పోతడు?"

"కిరాయికున్నోడు కిరాయన్న ఇస్తడు గద."

"ఇది ఇయ్యది. ఉల్టా గోడలు తింటది."

నాకు ఇంకో అనుమానం వచ్చింది. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "కడుపుల దూడ గూడ తల్లి నెత్తురే తాగుతది. అది గూడ గిసొంటిదేనా?"

డాక్టరమ్మ గాజు ముక్క తీసి పక్కన పెట్టింది. "దూడకు తల్లి ఒళ్ళే తలుపు తీస్తదవ్వా. దీనికి ఎవ్వరు తియ్యలే. కన్నమేసి వచ్చింది."

తరువాత మా యారాలి పెండ పెట్టింది. ఆమె చూస్తున్నంతసేపూ నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఒక్కటన్నా ఉండాలి దేవుడా అనుకున్నాను. పది అక్కర్లేదు, ఒక్క బంగారు గింజ చాలు. అక్కాచెల్లెళ్ళే కదా రెండూ, ఒక దానికి ఉండి ఒక దానికి లేకపోవడం ఏం న్యాయం? డాక్టరమ్మ గాజు ముక్క ఇటు జరిపింది, అటు జరిపింది.

"ఏం లేవు. సాఫ్ ఉన్నది."

మా యారాలు నా ముఖం చూసింది. చూసి, మెల్లగా అన్నది. "జర మల్లొకపారి చూడు డాక్టరమ్మా. ఒక్కటన్న దొరికితే మా అక్కకు గూడ నిమ్మళమైతది."

నా మనసులోది ఆమెకు ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాదు. ఇన్నేళ్ళు ఒక గోడకు అటూ ఇటూ ఉన్నందుకేమో.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె ఊరుకోలేదు. "నువ్వాయాల మోపు ఇయ్యకపోవుడే మంచిగైందక్కా. ఇచ్చి ఉంటే నా బర్రె గూడ గిట్లనే అయ్యేది. నీ పుణ్యాన బతికింది" అన్నది. వెక్కిరింపు లేదు ఆ మాటలో, అదే బాధ. నేను పిసినారితనంతో బిగబట్టుకున్న మోపు కూడా ఆమెకే కలిసివచ్చింది. నా బర్రె దాన్ని తిని కూలబడింది. ఊరి పొలిమేర వచ్చేదాకా నేను రోడ్డు పక్క వరి నాట్లు చూస్తూ కూర్చున్నాను.

సూడి బర్రెకు పడే మందు చూసి డాక్టరమ్మ తాగించింది. చెరువంచు గడ్డి ముట్టించవద్దని, పొడి నేల గడ్డే వేయమని మరీ మరీ చెప్పింది. మాకు పొడి నేల ఏది? ఉన్నదంతా నేను కోరుకున్న తడి నేల. ఒట్టి వరిగడ్డితో కడుపుతో ఉన్న బర్రె కోలుకోదు. మీ తాతను తమ్ముడి దగ్గరికి పంపాను. తిరిగి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆమెనే అడుగుమంటుండు."

నేనే పోయాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు, నేను కూర్చోలేదు.

"గుట్ట గడ్డి జర కావాలె చెల్లె."

"ఎన్నొద్దులు?"

"ఈనే దాంక."

ఆమె చాట ఎగరేసింది, పొట్టు నా వైపుకు వచ్చింది. "కోసే చేతులు నాయి గూడ రెండే అక్కా."

నేను వెనక్కి తిరిగాను. రెండడుగులు కూడా వేయకముందే పిలిచింది. "ఏడికి పోతున్నవ్? నీ చేతులు గూడ కలిస్తె నాలుగైతయి గద. పొద్దున రా. కొడవలి నాదే పట్టుకో, నీది లేత గడ్డికి మరిగింది, దానికిది తెగది."

అలా పొద్దునే ఇద్దరం గుట్ట ఎక్కేవాళ్ళం. ఆమె మేకలాగా ఎక్కుతుంది. నా మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. నేను ఒక పిడికెడు కోసేలోపు ఆమె మోపు కట్టేస్తుంది. కట్టి, తన మోపులోంచి తీసి నా దాంట్లో పెడుతుంది. వద్దంటే వినదు. నా బర్రె బతకాలి కాబట్టి నేనూ గట్టిగా వద్దనలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు చూసి, "అక్కాచెల్లెండ్లు కలిసిండ్రు" అన్నారు. కలిసింది మోపులు. నేను ఆమె వెనక నడుస్తూ, ఆమె మడమలు పగలకుండా ఎలా ఉన్నాయా అని చూసేదాన్ని.

దవడ కింద వాపు తగ్గింది. కనురెప్ప లోపల కొంచెం ఎరుపు వచ్చింది. ఒక మధ్యాహ్నం బర్రె ఈనింది. దుడ్డె. నేను కోరుకున్నట్టే దుడ్డె, నొసట తెల్లమచ్చతో. కాళ్ళు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. తల్లి దాన్ని నాకింది కానీ లేచి నిలబడలేకపోయింది. పొదుగు ఖాళీ సంచిలాగా వేలాడుతోంది. పిండితే కాసిన్ని ముర్రుపాలు వచ్చాయి, దుడ్డె నోట్లో పోశాం. ఆ పైన చుక్క రాలేదు. ఆ ఈతకు మా ఇంట్లో జున్ను వండలేదు.

సాయంత్రానికి దుడ్డె తల వాల్చింది. నేను పిలవలేదు. మీ తాత పిలిచాడో, గోడ మీంచి చూసిందో తెలియదు, మా యారాలు వచ్చి దుడ్డెను రెండు చేతులతో ఎత్తుకుని పోయింది. నేను వెనకే పోయాను. ఆమె గుప్పెడు ఉప్పు తీసి దుడ్డె వీపంతా రుద్ది, తన బర్రె ముందు నిలబెట్టింది. బర్రె వాసన చూసి బుస కొట్టింది, కాలు దులిపింది.

"తన్నకు" అని దాని గంగడోలు గోకుతూ చెప్పింది. "నీ అక్క బిడ్డనే. నీ ఇంటి పిల్లనే. ఉప్పున్నది చూడు."

బర్రె నాలుక చాపి ఒకసారి నాకింది. మళ్ళీ నాకింది. ఉప్పంతా పోయేదాకా నాకింది. అప్పటికి దుడ్డె పొదుగు వెతుక్కుంది. తోక ఆడించడం మొదలుపెట్టింది. మా యారాలి సొంత దూడ పక్కన కట్టేసి ఉండి అరుస్తోంది. అది అరుస్తున్నా ఆమె దాన్ని విప్పలేదు, ముందు నా దానికే తాగనిచ్చింది.

నేను పలుపు పట్టుకుని నిలబడ్డాను. నా బర్రె బతికింది, దుడ్డె బతికింది, అత్తగారి సంతతి నా కొట్టంలో నిలిచింది. ఇంకేం కావాలి? అయినా ఆ చిన్న నోరు ఆమె బర్రె పొదుగును కుమ్ముతుంటే నా గుండెలో ఏదో కుమ్మినట్టైంది. ఆమె పాలు మాకు పంచింది, తన దూడ వాటా తగ్గించింది. వాటిలోంచే వెన్న తీసి, "పిల్లలకు పంపక్కా, ఏటేటా ఎదురుచూస్తరు గద" అని తెచ్చి ఇచ్చింది. నేను కాచి పంపాను. ఆ తరువాత మీరు ఫోన్ చేశారు.

ఇప్పుడు నా బర్రె లేచి తిరుగుతోంది. మందు మళ్ళీ ఒకసారి తాగించాం. పాలు ఈ ఈతకు ఇక రావని డాక్టరమ్మ చెప్పింది, వచ్చే ఈతకు చూద్దామన్నది. చెరువంచున గడ్డి మోకాలెత్తు పెరిగి అలాగే ఉంది, కోసేవాళ్ళు లేరు. దుడ్డె బలిసింది. రాత్రిళ్ళు నా కొట్టంలోనే, తల్లి పక్కనే కట్టేస్తాను. కానీ పొద్దున గోడ అవతల మా యారాలు చెంబు చప్పుడు చేయగానే అది పలుపు గుంజుతుంది. విప్పితే తల్లి ముందు నుంచే దూకుతూ పోతుంది, అటువైపు తలైనా తిప్పదు. ఆమె గొంతు వింటే చాలు, అంబా అంటుంది. నేను తవుడు చూపించినా ఆగదు.

"అక్కా, నీ బిడ్డొచ్చింది" అని ఆమె అటునుంచి అంటుంది.

"రానియ్యి" అంటాను. "తాగినంక పంపు."

నా బర్రె మేత వదిలేసి గోడ దగ్గరికి వస్తుంది. మెడ గోడ మీద ఆనించి, తన దుడ్డె చెల్లెలి పొదుగు కింద తోకాడిస్తుంటే కదలకుండా చూస్తుంది. దాని పక్కన నిలబడి మెడ కింద గోకుతుంటాను. తొట్టి దగ్గరికి మళ్ళించాలని చూస్తాను, రాదు. దానికి అక్కడ ఏం కనబడుతోందో నాకు తెలుసు కాబట్టి నేనూ గట్టిగా లాగను.